గోడలోకి దిగిన వాన బయటికి రావాలంటే: స్టీలు ఫ్రేము ఇంటికి నీటిదారి ఉన్న సిమెంటు ప్లాస్టరు

గంజాం తీరంలో తుఫాను వాన నిలువుగా పడదు, గోడకు అడ్డంగా కొడుతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. తుఫాను గాలి కేంద్రం చుట్టూ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. కేంద్రం మీకు దక్షిణంగా పోతే గాలి ఈశాన్యంలో మొదలై తూర్పుకు, ఆగ్నేయానికి తిరుగుతుంది. ఉత్తరంగా పోతే ఉత్తరం, వాయవ్యం, పడమర వైపుకు మళ్ళుతుంది. అందుకే బరంపురంలోనో, ఛత్రపురంలోనో, పర్లాకిమిడిలోనో, ఇచ్ఛాపురంలోనో ఇల్లు కట్టేటప్పుడు "ఈ గోడకు జల్లు కొట్టదులే" అని ఏ ముఖాన్నీ వదిలేయడానికి లేదు.

తొమ్మిదంగుళాల ఇటుక గోడ తడిస్తే నీళ్ళు తాగుతుంది, ఎండ వచ్చాక మెల్లగా వదిలేస్తుంది. స్టీలు ఫ్రేముకు సిమెంటు బోర్డు బిగించిన గోడకు ఆ తాగే శక్తి లేదు. ప్లాస్టరు దాటిన ప్రతి చుక్కా స్క్రూ మీదికో, స్టీలు నిలువు (ఫ్రేములో నిలబడే స్టీలు కమ్మీ) మీదికో, లోపలి జిప్సం బోర్డు మీదికో పోతుంది. ప్లాస్టరు ఎంత మందంగా వేసినా, అందులో ఏ వాటర్‌ప్రూఫ్ పొడి కలిపినా సన్నటి పగుళ్ళు వస్తాయి, వాటిలోంచి నీరు దిగుతుంది. కాబట్టి నీరు దిగుతుందని ఒప్పుకుని పని మొదలుపెట్టాలి. దిగిన నీరు ప్లాస్టరు వెనక జారి, గోడ అడుగున బయటపడే దారి ఉంచాలి. ఈ పద్ధతంతా ఆ దారి కోసమే. నీరు పల్లమెరుగుతుంది గానీ, మూసేసిన చోట పల్లం ఉన్నా దానికి దారి దొరకదు.

గోడ పొరలు లోపలి నుంచి బయటికి ఇలా వస్తాయి: 400 మి.మీ. దూరాన స్టీలు నిలువులు, వాటి మీద సిమెంటు బోర్డు, దాని మీద నీరు పట్టనివ్వకుండా ఆవిరిని మాత్రం వదిలే మెంబ్రేన్, ఆ పైన నీరు జారడానికి 6 మి.మీ. డ్రైనేజీ మ్యాట్, ఆ మీద ప్లాస్టరును పట్టి ఉంచే గాల్వనైజ్డ్ ఉక్కు జాలీ (లాత్), చివరికి మూడు పూతల్లో 22 మి.మీ. ప్లాస్టరు. ఈ ప్లాస్టరు చదరపు మీటరుకు 45 నుంచి 50 కేజీలు తూగుతుంది. ఈ తీరానికి భారత ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగం చూపే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. నిలువుల మందం, వాటి బిగింపు ఈ రెండు లెక్కలతో ఇంజినీరు తేల్చాల్సినవి, మేస్త్రి అంచనాకు వదలకండి.

ఎప్పుడు, ఏ సరుకుతో

ఈ పనికి నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే ఎండల్లో పూత పైన ఆరిపోయి లోపల పచ్చిగా ఉండి పగులుతుంది. అక్టోబరులో మెంబ్రేన్ చుట్టి ప్లాస్టరు వేయకుండా ఉంచితే ఒక్క తుఫానుకే చిరుగుతుంది. మెంబ్రేన్ ఎండలో ఎన్ని రోజులు ఆగుతుందో దాని చుట్ట మీద రాసి ఉంటుంది, ఆ గడువు దాటనివ్వకండి.

వంద చదరపు మీటర్ల గోడకు, కిటికీలు తీసేశాక, సుమారుగా ఇవి పడతాయి: 50 కేజీల సిమెంటు బస్తాలు 14, పొడి సున్నం 200 కేజీలు, ఇసుక 110 ఘనపుటడుగులు, లాత్ జాలీ 110 చదరపు మీటర్లు, మెంబ్రేన్ 115, మ్యాట్ 105, లాత్ స్క్రూలు 1,700. పై నున్నటి పూత సరుకు ఇందులో లేదు.

సిమెంటు విషయంలో 53 గ్రేడు ఓ.పి.సి. (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు) ప్లాస్టరుకు వద్దు. అది తొందరగా గట్టిపడుతుంది, ఎక్కువ ముడుచుకుంటుంది. ఒడిశాలో స్లాగు సిమెంటు (ఇనుప కొలిమి చిట్టెం కలిపినది) తేలిగ్గా దొరుకుతుంది, ఉప్పుగాలికి అదే మేలు. కానీ అది నెమ్మదిగా బలం పుంజుకుంటుంది కనుక తడపడం రెండు మూడు రోజులు ఎక్కువ చేయాలి. ఇసుకకు ఐ.ఎస్. 1542 ప్రమాణం. సైటులో సీసా పరీక్ష చాలు: సగం దాకా ఇసుక, ఆపైన ఉప్పు కలిపిన నీళ్ళు పోసి కుదిపి మూడు గంటలు ఉంచండి. ఇసుక మీద పేరుకున్న వండ్రు మొత్తం ఎత్తులో 8 శాతం దాటితే ఆ లోడు వెనక్కి పంపండి. సముద్రపు ఇసుక ఎంత కడిగి ఇస్తామన్నా వద్దు. తీరం వెంబడి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఉక్కు ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించకూడదని ఐ.ఎస్. 456 చెబుతుంది. మన ప్లాస్టరులోనూ ఉక్కు జాలీ ఉంది కాబట్టి కలపడానికీ, తడపడానికీ అదే హద్దు పెట్టుకోండి.

లాత్ జాలీ బదులు చికెన్ మెష్ వాడే అలవాటు మాన్పించాలి. దాని తీగ సన్నం, గోడకు అంటుకుపోతుంది, ప్లాస్టరు దాని వెనక్కి వెళ్ళి పట్టుకోదు. కావలసింది చదరపు మీటరుకు 1.8 కేజీల డైమండ్ లాత్, గోడకు 6 మి.మీ. ఎడంగా నిలిచే గుంటలు ఉన్న రకం, రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 180 గ్రాముల జింకు పూతతో. సముద్రం కనిపించేంత దగ్గరలో ఇల్లైతే స్టెయిన్‌లెస్ స్టీలు జాలీకి ఖర్చు పెట్టండి, మిగతా ఏ ఖర్చునైనా తగ్గించుకోవచ్చు. ఆ ఉప్పుగాలికి మామూలు జింకు పూత ఎక్కువ కాలం నిలవదు.

అడుగు అంచు నుంచి మొదలు

మొదట బిగించాల్సింది అడుగు పట్టీ. నీరు బయటపడే చోటు ఇదే. వెనక 90 మి.మీ. నిలువు రెక్క, కింద బయటికి వాలిన అంచు, ఆ అంచులో చిల్లులు. బరంపురం దుకాణాల్లో తయారుగా దొరక్కపోతే షీటు వంచే షాపులో 0.5 మి.మీ. గాల్వనైజ్డ్ షీటుతో చేయించవచ్చు. అంచు లోతు 28 మి.మీ. ఉండాలి: మ్యాటుకు 6, ప్లాస్టరుకు 22. చిల్లులు 6 మి.మీ., ప్రతి 100 మి.మీ.కు ఒకటి. అవి మ్యాట్ కిందికి వచ్చేలా వెనక వైపే కొట్టించండి, ముందు కొడితే ప్లాస్టరు వాటిని నింపేస్తుంది. కోసిన అంచుల దగ్గర, చిల్లుల దగ్గర జింకు పోతుంది, అక్కడ జింకు పెయింటు తప్పనిసరి. అందుకే పి.వి.సి. పట్టీ దొరికితే అదే నయం. అల్యూమినియం మాత్రం వద్దు, పచ్చి సిమెంటు దాన్ని తినేస్తుంది.

ఎత్తు: మట్టి నుంచి కనీసం 100 మి.మీ., గచ్చు లేదా టైల్సు నుంచి కనీసం 50 మి.మీ. ఇది నియమం చెప్పే కనిష్ఠం. మన వైపు వీధి రోడ్డు పదేళ్ళకోసారి ఎత్తు పెరుగుతుంది, వాకిట్లో మట్టి పోస్తారు, పాత గచ్చు మీదే కొత్త టైల్సు వేస్తారు. కాబట్టి 250 మి.మీ. వదలండి. పండక్కి అలుకుతూ ఆ అంచును సిమెంటుతో మూసేస్తే ఈ గోడ మొత్తం పనికిరాకుండా పోతుంది.

కింద ఇటుక అంతస్తు ఉండి, పైన మాత్రమే స్టీలు ఫ్రేము వేస్తుంటే, స్లాబు దగ్గర రెండు గోడలు కలిసే చోట కూడా ఇలాంటి పట్టీయే పెట్టాలి. ప్లాస్టరును పై నుంచి కింది దాకా ఏకంగా లాగితే ఆ గీత వెంట పగులుతుంది, పైనుంచి వచ్చిన నీరంతా ఇటుకలోకి దిగుతుంది.

మెంబ్రేన్, కిటికీలు

ముందు సిమెంటు బోర్డు చదును చూడండి. 3 మీటర్ల బద్ద పెట్టినప్పుడు ఎక్కడా 6 మి.మీ. కంటే ఎక్కువ సందు ఉండకూడదు. బోర్డుల మధ్య 3 మి.మీ. వదలండి.

మెంబ్రేన్ కింది నుంచి పైకి చుట్టాలి, తాటాకు కప్పినట్టు పై వరస కింది వరస మీద 150 మి.మీ. పడాలి. మొదటి వరస అడుగు పట్టీ రెక్క మీదికి రావాలి, రెక్క వెనక్కి పోకూడదు. ఈ ఒక్కటి తిరగబడితే నీరు నేరుగా బోర్డు వెనక్కి పోతుంది, అది గోడ విప్పే దాకా బయటపడదు. నిలువు అతుకులు 150 మి.మీ., మూలల దగ్గర 300.

గోడలు ఎక్కువగా కారేది కిటికీల దగ్గరే, వాటికీ ఓ వరుస ఉంది. ముందు కింది గడప, తర్వాత పక్కలు, చివర తల. గడప మీద బయటికి వాలిన పళ్ళెం పెట్టండి. బయటి వైపు వాలు కనీసం 5 డిగ్రీలు. లోపలి వైపు 25 మి.మీ. గట్టు, రెండు చివరలా 50 మి.మీ. గట్లు ఉండాలి. కిటికీ ఫ్రేము కింద లీకైన నీరు ఆ పళ్ళెంలో పడి మెంబ్రేన్ ముందుకే రావాలి. పక్కల టేపు పళ్ళెం గట్ల మీదికి దిగాలి. తల దగ్గర లోహపు ఫ్లాషింగ్ (నీటిని బయటికి మళ్ళించే వంచిన రేకు) పెట్టి దాని వెనక రెక్కను మెంబ్రేన్ కిందికి దోపాలి, రెండు చివరలూ పైకి మడవాలి. ఫ్రేము మూడు వైపులా సీలు చేయండి, అడుగున మాత్రం సీలు చేయకండి. నాలుగు వైపులా సిలికాన్ పోసి "గట్టిగా మూసేశాం" అని చెప్పే అల్యూమినియం పనివాళ్ళు పళ్ళెంలో పడ్డ నీటికి ఉన్న ఒక్క దారినీ మూస్తారు. స్లైడింగ్ కిటికీ పట్టాలో కూడా బయటికి చిల్లులు ఉంటాయి, ప్లాస్టరు వాటిని కప్పకూడదు. గ్రానైటు పలక వేస్తే ముందు అంచు గోడ కంటే 40 మి.మీ. బయటికి రావాలి. దాని అడుగున నీరు చుక్కగా రాలేలా గాడి కోయించండి, గాడి లేకపోతే నీరు పలక కింద వెనక్కి పాకి గోడలోకి చేరుతుంది.

గ్రిల్లు బిగించే మేకులు, ఏ.సి. పైపు, కరెంటు మీటరు బాక్సు, ట్యాంకు పైపు, అన్నింటి చిల్లులూ ప్లాస్టరుకు ముందే తేలాలి. పైపు బయటికి కిందికి వాలి ఉండాలి. చిల్లు చుట్టూ మెంబ్రేన్‌కు టేపు, పై టేపు కింది టేపు మీదికి. ప్లాస్టరు అయ్యాక గ్రిల్లు కోసం డ్రిల్లు పెడితే మెంబ్రేన్‌కు కొత్త కన్నాలు పడతాయి, వాటిని తర్వాత ఎవరూ మూయలేరు.

సన్‌షేడు గోడను తాకే చోట, కింది వరండా రేకు ఆగే చోట ఫ్లాషింగ్ 100 మి.మీ. గోడ మీదికి లేచి మెంబ్రేన్ వెనక్కి పోవాలి. రేకు వాలు గోడ మధ్యలో ఆగిపోతే ఆ కింది మూలన నీటిని గోడ నుంచి బయటికి తోసే మడత ముక్క పెట్టండి. అది లేని చోట పై కప్పు నీరంతా ఒక్క బిందువు దగ్గర ప్లాస్టరు వెనక్కి దిగుతుంది, కొన్ని వర్షాకాలాల్లో అక్కడి నిలువు తుప్పు పడుతుంది. పిట్టగోడ తల మీద ప్లాస్టరుతో సరిపెట్టకండి. దాన్ని టెర్రస్ వైపు వాల్చి, పైన రేకు లేదా రాతి పలక కప్పండి. తల మీద నుంచి జాలీ బిగించే స్క్రూ కొట్టకూడదు.

ఇక్కడ ఆగి నీటి పరీక్ష చేయండి. పైపుకు చల్లే నాజిల్ పెట్టి, అడుగు నుంచి మొదలుపెట్టి ఒక్కో భాగానికి పదిహేను నిమిషాలు నీళ్ళు కొట్టండి, ఆ తర్వాతే పైకి వెళ్ళండి. లోపల ఒకరు టార్చితో నిలబడాలి. పై నుంచి మొదలుపెడితే ఎక్కడ కారిందో తేలదు. ఈ దశలో దొరికిన తప్పుకు ఒక టేపు ముక్క ఖర్చు. ప్లాస్టరు తర్వాత దొరికితే గోడ పగలగొట్టాలి.

మ్యాట్, జాలీ, సందులు

డ్రైనేజీ మ్యాట్ అంటే చిక్కు పడ్డ ప్లాస్టిక్ తీగల పొర, దానికి ఒక వైపు బట్ట అంటించి ఉంటుంది. బట్ట బయటి వైపు, ప్లాస్టరు వైపు ఉండాలి. తిప్పి వేస్తే తడి సిమెంటు తీగల సందుల్లోకి పోయి నీటిదారి గడ్డకట్టుకుపోతుంది. అడుగున బట్టను 75 మి.మీ. వదిలి మ్యాట్ వెనక్కి మడిచేస్తే ప్లాస్టరూ పోదు, పురుగులూ దూరవు. మ్యాట్లను ఒకదాని మీద ఒకటి వేయకండి, అంచుకు అంచు చేర్చి బట్టను మాత్రం పైకి అతికించండి. 10, 12 మి.మీ. మ్యాట్ ఇంకా బాగుంటుంది కదా అని అడుగుతారు. గోడకూ జాలీకీ మధ్య ఎడం పెరిగేకొద్దీ ప్లాస్టరు బరువు స్క్రూలను కిందికి వంచుతుంది. రెండంతస్తుల ఇంటికి 6 మి.మీ. చాలు.

జాలీ పొడవు నిలువులకు అడ్డంగా, జాలీ కన్నాల గిన్నెల్లాంటి అంచులు పైకి చూసేలా. చేత్తో కింది నుంచి పైకి నిమిరితే నున్నగా, పై నుంచి కిందికి నిమిరితే గరుకుగా తగలాలి. తలకిందులుగా వేస్తే మొదటి పూత జారుతుంది. అంచు అతుకు 13 మి.మీ., చివర అతుకు 25 మి.మీ. స్క్రూలు ప్రతి 175 మి.మీ.కు ఒకటి, నిలువుల్లోకే తగలాలి, స్టీలు దాటి కనీసం 10 మి.మీ. బయటికి రావాలి. బోర్డులోకి మాత్రమే దిగిన స్క్రూ లేనట్టే లెక్క. నిలువులు ఎక్కడున్నాయో మెంబ్రేన్ మీద ముందే సుద్ద తాడుతో గీతలు కొట్టుకోండి.

పగుళ్ళు అదుపులో ఉండాలంటే ప్లాస్టరును ముక్కలుగా విడదీసే సందు పట్టీలు పెట్టాలి. ఒక్కో ముక్క 13.4 చదరపు మీటర్లకు, అంటే 144 చదరపుటడుగులకు, మించకూడదు. ఏ వైపూ 5.5 మీటర్లు దాటకూడదు. పొడవు వెడల్పుకు రెండున్నర రెట్లకు మించకూడదు. కిటికీ మూలల నుంచి సందు తీసుకోండి, పగులు ఎలాగూ అక్కడే పుడుతుంది. సందు దగ్గర జాలీ తెగాలి. పట్టీ వెనక జాలీ కొనసాగితే ఆ పట్టీ అలంకారమే, పగులు పక్కన ఇంకో చోట వస్తుంది. అడ్డ సందుల కంటే నిలువు సందులు మేలు, అడ్డ పట్టీ నీటిని ఆపుతుంది. అడ్డంగా తప్పకపోతే చిల్లులున్న పట్టీ పెట్టండి.

పూతలు

మొదటి పూత 9.5 మి.మీ. సిమెంటు 1, సున్నం సగం, ఇసుక 4½. తాపీతో గట్టిగా నొక్కి జాలీ వెనక్కి పంపాలి, జాలీ పూర్తిగా మునగాలి. కాస్త గట్టిపడగానే అడ్డంగా గీతలు గీయండి. నిలువు గీతలు నిలువుల వెంట పగుళ్ళకు దారి చూపుతాయి. 48 గంటలు తడిగా ఉంచాలి. తడి అంటే సన్నని జల్లు రోజుకు నాలుగైదుసార్లు, గోడ మీద కుండపోత కాదు. గాలి ఎక్కువైతే పరంజాకు తడి గోనెపట్టా కట్టండి, పడమటి వైపు తప్పకుండా.

రెండో పూత మరో 9.5 మి.మీ. సిమెంటు 1, సున్నం 1, ఇసుక 6. సున్నం ఎక్కువ, ఎందుకంటే బయటి పూత లోపలి పూత కంటే బలహీనంగా, మెత్తగా ఉండాలి. గట్టి పూతను మెత్తటి పూత మీద వేస్తే ముడుచుకుంటూ కింది పూతను పెచ్చులుగా లాగేస్తుంది. బద్దతో సమం చేసి, రసమట్టంతో చూసి, నీటి మెరుపు పోయాక చెక్కతో రుద్ది గట్టిచేయండి. ఈ రుద్దడమే పగుళ్ళను చాలావరకు ఆపుతుంది, ఎండకు భయపడి దాన్ని ఎగ్గొట్టనివ్వకండి. కలిపిన సరుకు గంటన్నరలో అయిపోవాలి. గట్టిపడ్డ ముద్దలో మళ్ళీ నీళ్ళు పోసి కలపడం కుదరదు, పారేయండి. రెండో పూతకు ఏడు రోజుల తడి, స్లాగు సిమెంటైతే పది. తడిపిన ఈ రోజుల్లో కొన్ని సన్నటి పగుళ్ళు కనబడతాయి, కనబడనివ్వండి, మూడో పూత వాటిని కప్పుతుంది. ఆ పూత 3 మి.మీ.

గోడ మీద పుట్టీ పెట్టకండి. రంగు 28 రోజుల తర్వాత, ఆవిరిని వదిలే రకం. "డ్యాంప్‌ప్రూఫ్" అని మందపాటి రబ్బరు రంగు రెండు మూడు చేతులు వేస్తే నీరు బయటి నుంచి దిగడం కొంత తగ్గుతుంది గానీ, దిగినది ఆరదు. లోపలి గోడకు కూడా ఇదే వర్తిస్తుంది. ఏ.సి. గదిలో ప్లాస్టిక్ వాల్‌పేపర్ అంటించకండి. వాన తర్వాత ఎండ కాసినప్పుడు తడి ప్లాస్టరులోని ఆవిరి చల్లటి గది వైపు నడుస్తుంది. వాల్‌పేపర్ వెనక అది ఆగి బూజు పడుతుంది.

ఇల్లంతా ఇటుకదైతే ఇదంతా అక్కరలేదు. ఇటుక మీద నేరుగా వేసిన సున్నం సిమెంటు ప్లాస్టరు గోడతో ఒకటైపోతుంది, సన్‌షేడూ గాడీ బాగుంటే చాలు. పాత రంగు మీద ప్లాస్టరు అంటుకోదు కాబట్టి, పాత గోడను కొత్తగా చేయాలనుకున్నప్పుడు మాత్రం మ్యాటు, జాలీ, అడుగు పట్టీతో ఇదే పద్ధతి ఇటుక మీదా కుదురుతుంది. అప్పుడు స్క్రూల బదులు ఇటుకలోకి దిగే యాంకర్లు వాడాలి.

పని పూర్తయ్యాక మళ్ళీ ఒకసారి గోడ మీద నీళ్ళు కొట్టి అడుగు పట్టీ చిల్లుల కింద పొడి గుడ్డ పరిచి చూడండి. కిటికీ తల దగ్గర పోసిన నీరు కాసేపటికి చిల్లుల్లోంచి చుక్కలుగా రాలితే దారి తెరిచే ఉన్నట్టు. ప్రతి ఏటా సెప్టెంబరు చివర, తుఫాను రోజులకు ముందు, ఆ చిల్లులను ఒక సన్న తీగతో పొడిచి మట్టీ సాలెగూడూ తీసేయండి. రంగులు వేసేవాళ్ళు వచ్చిన రోజు ఆ అంచు మీద ముందే టేపు అంటించి, వెళ్ళాక మీ చేత్తో ఊడబెరకండి.